గుండ్లకమ్మ ఎగువన అడవి, దిగువన మిరప: అద్దంకి ప్రాంత వ్యవసాయ సుస్థిరతలో అటవీ సంరక్షణ పాత్ర

నల్లమల కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరం సమీపాన పుట్టిన గుండ్లకమ్మ నది కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా సాగి, అద్దంకి పక్కగా ప్రవహించి, మల్లవరం జలాశయం దాటిన తరువాత బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ నదిలో ఇసుకే కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలలో వాయుగుండం పట్టినప్పుడు మాత్రం రెండు మూడు రోజులలోనే గట్లు ఒరుసుకొని పారుతుంది. సరిగ్గా ఆ రోజులలోనే అద్దంకి నల్లరేగడి చేలలో మిరప పూత మీద, పత్తి కాయ పగిలే దశలో ఉంటాయి. ఏడాదంతటి పెట్టుబడి ఆ కొద్ది వారాల నీటి నడక మీద ఆధారపడి ఉంటుంది.

ఆ నీటి నడకను నిర్ణయించే అంశాలలో ఎగువనున్న అడవి ఒకటి. అయితే అద్దంకి రైతు తన చేలో నిలబడి చూస్తే అడవి కనుచూపు మేరలో ఉండదు. అటవీ సంరక్షణ ఆవశ్యకతను గురించి గ్రామసభలలో ఎంత చెప్పినా అది అటవీ శాఖ వ్యవహారంగానే అతనికి తోచడం సహజం. 1987లో బ్రంట్లాండ్ కమిషన్ నివేదిక సుస్థిరాభివృద్ధికి ఇచ్చిన నిర్వచనం, అనగా రాబోవు తరాల అవసరాలకు భంగం కలుగకుండా నేటి అవసరాలను తీర్చుకొనడం, విద్యార్థులందరికీ కంఠస్థమే. ఆ నిర్వచనాన్ని ఒక ఎకరం మిరప తోటకు అన్వయించి చెప్పగలగడమే అసలు పని.

2021 నాటి భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అటవీ ఆచ్ఛాదనం 29,784 చదరపు కిలోమీటర్లు. ఇది రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 18 శాతం. 1988 జాతీయ అటవీ విధానం దేశ విస్తీర్ణంలో మూడవ వంతు అడవులు, చెట్ల కింద ఉండాలని లక్ష్యంగా పెట్టుకున్నది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి లోటును లెక్కగట్టడం పరిపాటి. కాని సగటు ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. రాష్ట్రంలోని అడవి అధిక భాగం నల్లమల, శేషాచలం, తూర్పు కనుమల కొండలలో కేంద్రీకృతమై ఉన్నది. అద్దంకి, దర్శి, చిలకలూరిపేట మైదానాలలో చెప్పుకోదగిన అడవి లేదు, ఇకముందు వస్తుందని ఆశించడానికి కూడా వీలు లేదు. సాగు భూమిని అడవిగా మార్చమని ఎవరూ కోరరు. కనుక ఈ మైదానానికి సంబంధించినంత వరకు ప్రశ్న రెండు భాగాలుగా విడిపోతుంది: ఎగువనున్న అడవి నిలవడం వలన దిగువ చేనుకు కలిగే మేలు ఏమిటి? మైదానంలో మిగిలిన కొద్దిపాటి చెట్లు, గుట్టలు, వాగు గట్లు చేయగలిగినది ఏమిటి?

వాన గురించిన అపోహ

"చెట్లు పెంచితే వానలు పడతాయి" అన్నది విస్తరణ కార్యక్రమాలలో తరచుగా వినిపించే నినాదం. అమెజాన్ వంటి ఖండాంతర పరిమాణం గల అరణ్యాలలో చెట్ల నుండి ఆవిరైన తేమ తిరిగి వర్షంగా కురవడం నిరూపితమైన విషయమే. కాని అద్దంకి ప్రాంతానికి అక్టోబరు, నవంబరులలో కురిసే వానలో ప్రధాన భాగం బంగాళాఖాతంలోని అల్పపీడనాలు, తుపానుల వలన వచ్చేది. గ్రామంలో నాటిన కొన్ని వందల చెట్లు దానిని తేలేవు, ఆపలేవు. అంతేకాక అడవి తాను కూడా నీటిని వాడుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా 94 ప్రయోగ పరీవాహక ప్రాంతాల ఫలితాలను సమీక్షిస్తూ 1982లో వెలువడిన బాష్, హ్యూలెట్‌ల ప్రసిద్ధ పత్రం అడవి నరికిన చోట వాగులో ఏడాది మొత్తం ప్రవాహం సాధారణంగా పెరిగిందని, చెట్లు పెంచిన చోట తగ్గిందని చూపింది.

ఈ ఫలితాన్ని దాచిపెట్టి రైతుకు నినాదం అందించడం శాస్త్రవేత్తకు తగదు. చెట్లు నాటిన మూడేళ్ళకు కూడా వాన పెరగకపోతే రైతు చెట్టును మాత్రమే కాదు, చెప్పిన మనిషిని కూడా నమ్మడం మానేస్తాడు. తరువాత అదే మనిషి చెప్పే తామర పురుగుల యాజమాన్యం కూడా అతని చెవికి ఎక్కదు.

వాస్తవానికి అడవి ఇచ్చేది నీటి మొత్తంలో పెరుగుదల కాదు, నీటి వేగంలో తగ్గుదల, నీటి శుభ్రత. నల్లమల వంటి ఆకురాల్చు అడవిలో చిరుమాను, నల్లమద్ది, ఏగిస, వెదురు మొదలైన వాటి ఆకుల పొర నేలను కప్పి ఉంచుతుంది. వాన చినుకు తాకిడిని ఆ పొర గ్రహిస్తుంది. వేళ్ళు, చెదలు, వానపాములు చేసిన రంధ్రాల గుండా నీరు లోనికి ఇంకుతుంది. అదే కొండ చరియ గొడ్డలికి, పదేపదే కార్చిచ్చుకు, మితిమీరిన మేతకు గురి అయినప్పుడు మట్టి పైపొర గట్టిపడి, ఇంకవలసిన నీరు ఉపరితలం మీదుగా మట్టిని వెంటబెట్టుకొని పోతుంది. అప్పుడు వరద ఎక్కువ, ఎండకాలపు ఊట తక్కువ. చెట్టు వాడుకొనే నీటి కన్నా, చెడిన నేలలో ఇంకకుండా పోయే నీరు ఎక్కువైనప్పుడు భూగర్భజలానికి నికరంగా నష్టమే మిగులుతుంది. ఉష్ణమండల జలశాస్త్రంలో ఈ లావాదేవీ మీద చాలా కాలంగా చర్చ జరుగుతున్నది.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో జరిగి 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ చర్చకు ఉపయోగకరమైన మలుపు ఇచ్చింది. మెట్ట సాగు భూములలో చెట్లు అసలు లేనప్పుడూ, మరీ దట్టంగా ఉన్నప్పుడూ కాక, మధ్యస్థమైన సాంద్రతలో ఉన్నప్పుడు భూగర్భజలం అత్యధికంగా చేరిందని ఆ పరిశోధకులు కనుగొన్నారు. ఆ నేలలు వేరు, ఆ చెట్లు వేరు. ఆ సంఖ్యలను అద్దంకికి యథాతథంగా తీసుకొని రాకూడదు. కాని "ఎంత ఎక్కువ చెట్లు ఉంటే అంత మేలు" అనే భావనను సరిదిద్దుకోవడానికి అది చాలు.

నల్లరేగడి, పూడిక, కాలువ నీరు

నల్లరేగడి నేల స్వభావం ఈ విషయానికి మరింత తీవ్రతను కల్పిస్తుంది. ఎండిన రేగడి పగుళ్ళు తీసి మొదటి వానను ఆబగా తాగుతుంది. తడిసి ఉబ్బిన తరువాత పగుళ్ళు మూసుకొని, నీరు ఇంకే వేగం గంటకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువకు పడిపోతుంది. కనుక తొలకరి నాటి రేగడి, కార్తెలు మారి నవంబరు నాటికి వచ్చిన రేగడి ఒకటే నేల అయినప్పటికీ నీటి విషయంలో రెండు వేర్వేరు నేలల వలె ప్రవర్తిస్తాయి. తుపాను వాన రెండవ దశలో పడుతుంది. నీరు నిలిచిన చోట మిరప వేళ్ళకు గాలి అందక రెండు మూడు రోజులలోనే వడలిపోతుంది, ఆపైన ఎండు తెగులు సోకుతుంది. నిలవని చోట నీరు మట్టిని కోసుకొని వాగులోకి చేరుతుంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కేంద్రంలో 1976 నుండి సాగిన నల్లరేగడి పరీవాహక ప్రయోగం ఇక్కడ తప్పక గుర్తుచేసుకోదగినది. వర్షాకాలంలో బీడుగా వదలి రబీలో మాత్రమే పైరు వేసే సంప్రదాయ పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి సుమారు ఆరున్నర టన్నుల మట్టి కొట్టుకొనిపోగా, వెడల్పు మడులు, కాలువలతో, రెండు కాలాలూ పైరు కప్పి ఉన్న మెరుగైన పద్ధతిలో అది సుమారు ఒకటిన్నర టన్నులకు తగ్గింది. నేలను కప్పి ఉంచడం అనే ఒకే సూత్రం కొండ మీద అడవిగానూ, చేలో పైరుగానూ పనిచేస్తుంది. అడవి ఒక్కటే నేలను కాపాడుతుందని చెప్పడం ఎంత అసంపూర్ణమో, అడవితో చేనుకు పనిలేదని చెప్పడమూ అంతే అసంపూర్ణం.

కొట్టుకొనిపోయిన మట్టి ఎక్కడికి చేరుతుందో చూడవలసి ఉన్నది. విజయనగర కాలంలో గుండ్లకమ్మ మీద, కొండల మధ్య ఇరుకులో కట్టిన కంభం చెరువు నేటికీ సాగునీరు ఇస్తున్నది. ఆ చెరువు ఆయుర్దాయం దాని కట్ట బలం మీద ఎంత ఆధారపడి ఉన్నదో, కట్టకు ఎగువనున్న కొండల పచ్చదనం మీద కూడా అంతే ఆధారపడి ఉన్నది. సింగరకొండ పాదం వద్దనున్న భవనాశి చెరువు మొదలుకొని మైదానంలోని ఊరచెరువులన్నిటి సంగతీ ఇదే. వేసవిలో చెరువు పూడిక తీసి చేలకు తోలుకోవడం ఈ ప్రాంత రైతులకు పాత అలవాటు, మంచి అలవాటు. అయితే ఎగువన గుట్ట బోడిగా ఉన్నంత కాలం పూడిక తీయడం ఏటేటా తీర్చి ఏటేటా చేసే అప్పు వంటిది.

కాలువ కింద ఉన్న రైతుకు ఈ బాధ లేదని భావించడానికి వీలు లేదు. అద్దంకి బ్రాంచి కాలువకు నీరు నాగార్జునసాగర్ కుడి కాలువ ద్వారా వస్తుంది. సాగర్ జలాశయం తొలి నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు కాగా, పూడిక వలన తరువాతి సర్వేలలో అది సుమారు 312 టీఎంసీలకు తగ్గినట్లు తేలింది. పైనున్న శ్రీశైలంలో 308 టీఎంసీలు సుమారు 215కు తగ్గాయి. ఈ మట్టి అంతా నల్లమలది కాదు. పడమటి కనుమల నుండి రాయలసీమ దాకా విస్తరించిన కృష్ణా, తుంగభద్ర పరీవాహక ప్రాంతమంతటిదీ. రెండు జలాశయాలలో కలిపి తగ్గిన నిల్వ దాదాపు 190 టీఎంసీలు. కర్ణాటకలో బోడి అయిన ఒక కొండ, కాలువ చివరి ఆయకట్టులోని మిరప రైతు తడిని ఈ విధంగా కుదిస్తుంది. వర్షాభావ సంవత్సరంలో కాలువ చివరి భూములకు నీరు అందకపోవడానికి గల అనేక కారణాలలో ఇది ఎవరి కంటికీ కనిపించని కారణం.

బ్యారన్ కట్టె లెక్క

ఈ ప్రాంతంలో వ్యవసాయం వల్ల చెట్టుకు జరిగిన నష్టాన్ని చెప్పకుండా, చెట్టు వల్ల వ్యవసాయానికి కలిగే మేలు మాత్రమే చెప్పడం న్యాయం కాదు. ప్రకాశం జిల్లా వర్జీనియా పొగాకుకు ప్రసిద్ధి. పచ్చి ఆకును బ్యారన్‌లో రోజుల తరబడి వేడిగాలితో పండించి ఆరబెట్టాలి. సంప్రదాయ బ్యారన్‌లో ఒక కిలో క్యూరింగ్ చేసిన ఆకుకు రమారమి ఐదు కిలోల కట్టె ఖర్చవుతుంది. ఉదాహరణకు ఒక బ్యారన్ మీద ఒక సీజనులో మూడు వేల కిలోల ఆకు తీసిన రైతు పదిహేను టన్నుల కట్టె కాల్చినట్లు లెక్క. ఆ కట్టె ఎక్కడిది? కొంత సరుగుడు, సుబాబుల్ తోటలది. కొంత వాగు గట్ల మీది సర్కారు తుమ్మది. మిగిలినది పొలం గట్ల మీది వేప, నల్లతుమ్మ, కానుగ. కొండల దాపున ఉన్న గ్రామాలలో అడవి వాటా కూడా లేకపోలేదు.

బ్యారన్ గోడలకు, పైకప్పుకు ఉష్ణ నిరోధక పొర వేయడం, టర్బో వెంటిలేటర్లు అమర్చడం, పొయ్యిని మెరుగుపరచడం, పత్తి కట్టె వంటి పంట వ్యర్థాలతో చేసిన ఇటుకలు వాడడం వంటి పద్ధతులతో కట్టె వాడకాన్ని గణనీయంగా తగ్గించవచ్చు. పత్తి కట్టెను చేలోనే తగులబెట్టే గ్రామాలలో, అదే ఊరి బ్యారన్‌కు లారీలతో కట్టె రావడం చూస్తే విస్తరణ వ్యవస్థ దృష్టి ఎటు మళ్ళవలసి ఉన్నదో తెలుస్తుంది. నూరు మొక్కలు నాటే కార్యక్రమం కన్నా ఒక బ్యారన్ కప్పును సరిచేయడం ఎక్కువ చెట్లను నిలబెట్టగలదు. ఫొటోకు మాత్రం అది అంతగా పనికిరాదు.

సుబాబుల్ తోట అడవి కాదు

ప్రకాశం జిల్లా రైతులు పత్తి, పొగాకుల ఒడుదుడుకులతో విసిగి సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటల వైపు పెద్ద ఎత్తున మళ్ళారు. కాగితపు గుజ్జుకు కావలసిన కర్ర పొలాల నుండే లభించడం వలన సహజ అడవి మీద పారిశ్రామిక ఒత్తిడి తగ్గింది. 1988 అటవీ విధానం కోరినది కూడా ఇదే. పరిశ్రమ తన ముడిసరుకును రైతుల నుండి పొందాలని అది స్పష్టంగా చెప్పింది. 2014లో వచ్చిన జాతీయ వ్యవసాయ అటవీ విధానం ఈ దారిని మరింత సుగమం చేయదలచింది. ఈ మేలును తక్కువ చేసి చూపరాదు.

అయినప్పటికీ ఒకే జాతి, ఒకే వయసు గల తోటను మూడు నాలుగేళ్ళకొకసారి మొదలంటా నరికి అమ్మే పద్ధతిని అడవితో సమానంగా లెక్కించడం పొరపాటు. దట్టంగా నాటిన జామాయిల్ లోతైన రేగడిలో అడుగు తేమను పీల్చివేస్తుంది. నరికిన ఏడాది నేల బయటపడుతుంది. కింద గడ్డి, పొదలు పెద్దగా లేని చోట మేలు చేసే పురుగులకు, పక్షులకు ఆశ్రయం అంతంతమాత్రమే. ఆర్థికంగా చూస్తే కొనుగోలుదారులు కొద్దిమందే కావడం వలన ధర రైతు చేతిలో ఉండదు. ధర పడిపోయిన ఏడు తోటను వేళ్ళతో పెకలించి మళ్ళీ మిరపకు దున్నిన సందర్భాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. తోట సాగు ఒక పంట. దానిని పంటగానే అంచనా వేయాలి.

పురుగు పాఠం

1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు నేర్పిన పాఠాన్ని మరవడానికి వీలు లేదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా వాడకంలోకి వచ్చిన తరువాత తెల్లదోమ విజృంభించింది. 1987–88 సీజనులో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగని స్థితికి చేరి చేలను నాశనం చేసింది. అప్పుల పాలైన పత్తి రైతుల ఆత్మహత్యలతో ప్రకాశం జిల్లా పేరు దేశమంతటా వినబడింది. ఆ విపత్తుకు మూల కారణాలు ఏకపంట సాగు, మందుల దుర్వినియోగం, అప్పు. చెట్లు లేకపోవడం వలననే అది వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెప్పకూడదు.

కాని మైళ్ళ కొద్దీ గట్టు మీద ఒక చెట్టు కూడా లేని పత్తి విస్తీర్ణంలో పురుగును తినే జీవులకు నిలువ నీడ ఎక్కడ? నల్ల ఏట్రింత, పాలపిట్ట, గోరింక వంటి పక్షులు ఎత్తైన కొమ్మ మీద కూర్చొని వేటాడతాయి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పరాన్నజీవ కందిరీగలు పంట లేని నెలలలో గట్ల మీది పూలమొక్కలు, పొదలను ఆశ్రయిస్తాయి. సమగ్ర సస్యరక్షణలో ఎకరానికి కొన్ని పక్షి స్థావరాలు పాతమని సిఫార్సు చేయడం, ఒకప్పుడు గట్టు మీది చెట్టు ఉచితంగా చేసిన పనికి ప్రత్యామ్నాయమే. 2021–22లో కొత్త జాతి తామర పురుగులు మిరప పూతను తుడిచిపెట్టినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టి నష్టపోయారు. ఆ పురుగుకు సహజ శత్రువులు ఏవి, అవి పైరు లేని కాలంలో ఎక్కడ బతుకుతాయి అన్నది ఈ ప్రాంత కీటక శాస్త్ర విద్యార్థులకు తగిన పరిశోధనాంశం.

మనుషులను బయట ఉంచిన సంరక్షణ

అడవికీ పల్లెకూ మధ్య గల సంబంధాన్ని ప్రభుత్వాలు ఎప్పుడూ సరిగా అర్థం చేసుకోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవులలో పశువుల మేతకు పుల్లరి వసూలు చేశారు. అరక పశువు మీదనే సేద్యం నడిచే కాలంలో అది నేరుగా వ్యవసాయం మీద పన్ను. పల్నాడులో పుల్లరి నిరాకరణకు నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించాడు. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగానే మనం దీనిని చదువుకుంటాము. దానిలో వ్యవసాయ శాస్త్ర పాఠం కూడా ఉన్నది: మేత, రొట్ట, కట్టె, అరక కర్ర కోసం అడవి మీద ఆధారపడిన రైతును శత్రువుగా చూస్తే అడవికి కాపలాదారు మిగలడు.

1980 అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమి మళ్ళింపునకు అడ్డుకట్ట వేసింది. 1992లో రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలై వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2006 అటవీ హక్కుల చట్టం నల్లమల చెంచులు తరతరాలుగా అనుభవిస్తున్న హక్కులను గుర్తించింది. తేనె, బంక, ఉసిరి, చీపురు సేకరణతో జీవించే చెంచులకు అడవి తగలబడితే ముందుగా తెలుస్తుంది, ముందుగా నష్టం వారికే. ఫిబ్రవరి నుండి మే వరకు నల్లమలలో కార్చిచ్చు రగలకుండా చూడడంలో వారి పాత్రకు తగిన వేతనం, గౌరవం లభించినప్పుడు దాని ఫలితం అద్దంకి దాకా నీటిలో కలిసి వస్తుంది.

అద్దంకి గట్ల మీద చేయదగినది

మిరప రైతు గట్టు మీది చెట్టును కొట్టివేయడానికి అతని కారణాలు అతనికి ఉన్నాయి. నీడ పడిన సాళ్ళలో కాపు తగ్గుతుంది. వేళ్ళు నీటికి, ఎరువుకు పోటీపడతాయి. ట్రాక్టరు తిరగడానికి అడ్డం. కౌలు రైతుకైతే చెట్టు మీద హక్కే లేదు. ఈ అభ్యంతరాలకు సమాధానం లేకుండా మొక్కలు పంచడం వృథా. ఉత్తర దక్షిణాలుగా సాగే గట్లకు నీడ సమస్య ఎక్కువ కనుక అక్కడ తాటి వంటి తక్కువ నీడ చెట్లు, తూర్పు పడమరలుగా సాగే గట్లలో చేనుకు ఉత్తరపు గట్టు మీద వేప, కానుగ అనుకూలం. ఏటా వేసవిలో కొమ్మలు నరికితే కానుగ రొట్ట పచ్చిరొట్ట ఎరువుగా పనికివస్తుంది. గట్టు వెంట అడుగున్నర లోతు చాలు తీస్తే వేళ్ళ పోటీ తగ్గుతుంది. వాగు ఒడ్డున పది పదిహేను గజాలు దున్నకుండా వదలి, సహజంగా మొలిచే తుమ్మ, ఈత, జమ్ముగడ్డిని ఉండనిస్తే ఖర్చు లేకుండా మట్టి ఆగుతుంది. సర్కారు తుమ్మను ఒకేసారి పెకలించడం కన్నా, దాని స్థానంలో వేప, నల్లతుమ్మ నిలదొక్కుకొనే వరకు విడతలుగా తొలగించడం మేలు.

వీటిలో ఏది ఈ నేలలలో ఎంత పనిచేస్తుందో చెప్పడానికి స్థానిక కొలతలు కావాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది తేలికగా చేయదగిన పని. ఒకే రేగడి పొలంలో ముదురు వేప కింద, గట్టుకు పది మీటర్ల దూరంలో, నడి చేలో జంట వలయాల పరికరంతో నీరు ఇంకే వేగాన్ని కొలవాలి. గుండ్లకమ్మలో వరద వచ్చిన ప్రతిసారీ అద్దంకి వంతెన వద్ద సీసాలలో నీటిని పట్టి, మట్టిని వడకట్టి తూచాలి. ఇంకే వేగాన్ని నేల పగుళ్ళు మూసుకోకముందు ఆగస్టులో ఒకసారి, మూసుకున్న తరువాత నవంబరులో మరొకసారి, అవే చోట్ల తీయవలసి ఉంటుంది.